పదకొండు ఒకట్లు

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి దగ్గరి పెంకుటిళ్ళ వరుస. 1939, గానుగ నడిచే చలికాలం. మధ్యాహ్నం మూడు గంటల వేళ. బడి పంతులు ఆత్మారాం భార్య సుమిత్రమ్మ, పక్కింటి కాంటా గుమాస్తా దేవిదాస్ భార్య రేణుక ఇంటి వాకిట్లోకి వచ్చి కొంతసేపైంది.

"జల్లెడ కోసమే వచ్చిన అంటున్న గద రేణుకా, మల్ల మల్ల అడుగుతవేందే?"

"అడిగిన నాదే తప్పు. గోడకే ఉన్నది, తీసుకో అక్కా."

"తీసుకుంట తియ్. తొందరేమున్నది. మీ ఆయన ఏడి?"

"లోపల పండుకున్నడు. రాత్రంత కాంటా కాడ్నే ఉన్నడు. చెరుకు బండ్లు రెంజల్ తొవ్వ దాక నిలవడ్డయట."

"అయితె మెల్లగ మాట్లాడుకుందం."

"జల్లెడ ముచ్చట మెల్లగ ఎందుకక్కా?"

"నీకు మాటలు బాగనే వచ్చినయి. మొన్నటిదాక నోట్లె నాలుక లేనట్టుంటివి."

"కూసో అక్కా. జర చాయ పెడుత."

"వద్దు. మా ఇంట్ల నువ్వు తాగే చాయ చాలు."

"సారే పోసిచ్చిండు గని నేనేం అడగలే."

"అదే అంటున్న. పన్నెండేండ్ల కాపురంల ఆయన చేత్తోని నాకొక గిలాస నీళ్ళియ్యలే. నీకు చాయ పోసిచ్చిండు. సాసర్ల వంచి మరీ."

"సాసర్ల వంచలే."

"వంచిండు. పొయ్యి కాడికెల్లి చూసిన నేను. కాలుతదేమో అని వంచిండు."

"అక్కా, నీకు కోపమొచ్చిందా?"

"నాకెందుకు కోపం? నేనేం చిన్నపోరినా? ఊకెనే అంటున్న. నిన్న దీపం ముట్టిచ్చేదాక కూసున్నవ్ గద, మీ ఆయనకు బువ్వ ఎవరు పెట్టిండ్రని ఫికరైంది."

"పెట్టే వచ్చిన. నిన్న లెక్క తెమలలే."

"ఎవరి లెక్క? సారుదా, నీదా?"

"ఇద్దరిది."

"ఇద్దరిది! ఎంత మంచిగన్నవే. మల్లొక్కసారి అను."

"గట్ల కాదక్కా..."

"శంకరమ్మ బాయికాడ ఏమన్నదో ఎరుకేనా? 'మీ పంతులుకు కొత్త చెయ్యి దొరికిందట గద' అన్నది. నలుగురి ముంగట. నేను నవ్విన. ఏం చెయ్యాలె మరి, నవ్విన."

"శంకరమ్మకు లెక్కలంటె ఏం తెలుస్తది."

"నీకు తెలుస్తదా? చెప్పు చూద్దం. ఆయన రోజు నీ ముంగట పెడుతున్న ఆ సంఖ్య ఏందో, అది ఎందుకో తెలిసే చేస్తున్నవా, లేకుంటె ఆయన చేయమన్నడని చేస్తున్నవా?"

"పరీక్షనా అక్కా?"

"పరీక్షనే అనుకో."

"పదకొండు ఒకట్లు. వరుసగ రాస్తె వెయ్యిన్నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. దాన్ని ఏ సంఖ్యతోనన్న శేషం లేకుంట భాగియ్య వస్తదా రాదా అన్నది చూడాలె. ఏ సంఖ్యతోని పోకుంటె అది ముఫ్రద్. ఉర్దూ బళ్ళ గట్లనే అంటరట. అంటె విరగని సంఖ్య."

"ఒకటితోని, దానితోని అదే పోతది."

"అవ్, ఆ రొండూ తప్ప."

"ఆ రొండూ మరిచిపోయినవ్. సరె, ఎన్ని సంఖ్యలతోని చూడాలె?"

"లక్షా అయిదు వేల దాక. ఆ మీద చూడ పనిలేదు. విరిగితె రొండు తునకలైతది గద, రొండిట్ల చిన్న తునక లక్షా అయిదు వేల కిందనే ఉండాలె."

"లక్షా అయిదు వేల సంఖ్యలు చూస్తరా ఎవరన్న? ముసలోళ్ళమై సచ్చిపోయినా తెమలదు."

"అన్ని చూడ పనిలేదు. ఇరవై రెండుతోని భాగిస్తె ఒకటి మిగిలే సంఖ్యలే చూడాలె. అవే దీన్ని విరవగలుగుతయి. ఇరవై మూడు, నలభై అయిదు, అరవై ఏడు, ఎనభై తొమ్మిది, నూట పదకొండు. గట్ల ఇరవై రెండు ఇరవై రెండు దుంకుకుంట పోవాలె. సారు ఏదో పాత కితాబుల చదివిండట."

"ఆయన చదివిండు. నలభై అయిదు అక్కరలేదు, అయిదుల ముగిసేది ఒకట్లల్ల ముగిసేదాన్ని విరవదు అని చెప్పింది ఎవరు? నూట పదకొండు అక్కరలేదు, అది మూడుతోని పోతది, ఇదేమో పోదు అన్నది ఎవరు?"

"నువ్వా అక్కా?"

"నేనే. నాలుగేండ్ల కింద, రెంజల్‌ల ఉన్నప్పుడు. గిట్ల పొట్టు తీసేసి తీసేసి, ఓ వెయ్యి సంఖ్యలే మిగిల్చిన. తొవ్వ ఆయనది. నడిచింది నేను. ఆయనకు పెద్ద భాగారం చేస్తె రొండు సార్లు రొండు తీర్ల వస్తది. నా చెయ్యి తప్పదు."

"సారు గూడ గదే అంటడు. 'సుమిత్ర చెయ్యి తప్పదు' అంటడు."

"నీకు చెప్పిండా? నాకు ఎన్నడు చెప్పలే."

"ఎందుకు చెప్పడు?"

"ఆయన సంగతి నీకు తెల్వది. పప్పుల ఉప్పెక్కువైనా చెప్పడు, తక్కువైనా చెప్పడు. నిన్న మాత్రం బువ్వ తినుకుంట మూడు సార్లన్నడు, రేణుక పెన్సిలు ఉరుకుతది, ఉరుకుతది అని. నేను మజ్జిగ పోస్తున్న. చెంబు కింద పెట్టిన."

"అక్కా, నేను కొత్తయి చేస్త లేను గద. నువ్వు చేసినయే మల్లొక్కసారి చూస్తున్న. గంతే."

"అదే ఎందుకని? నా భాగారాన్ని నువ్వు చూసుడేంది?"

"హైద్రాబాద్ కాలేజి సారు రాసిండట. మీ ఒక్క చెయ్యి మీద నమ్ముడెట్ల, ఇంకొక చెయ్యి చూడాలె అని. నేను మా బాపు తోని నిజామాబాద్ గంజు బజార్ల పసుపు బస్తాల తూకాలు కూడిన దాన్ని గద, మా ఆయన సారుకు చెప్పిండు."

"మంచిగ చెప్పిండు మీ ఆయన. సరె, విను. నేను జల్లెడకు రాలే."

"ఎరుకే అక్కా."

"రేపటి సంది నువ్వు మా ఇంటికి రాకు. ఆయన నీకిచ్చిన ఆ నాలుగు భాగారాల నోటుబుక్కులు నాకియ్యి. నీకు ఇంట్ల పని ఎక్కువైంది, నీతోని కాదని నేనే చెప్పుత ఆయనకు. నీకు మాట రాకుంట చెప్పుత."

"సారు అడిగితె?"

"అడగడు. ఆయన ఏదీ రొండోసారి అడగడు."

"నన్ను అడుగుతడు."

"ఏమన్నవ్?"

"ఏం లేదక్కా. గని నోటుబుక్కులు వాపసిచ్చేటప్పుడు అన్ని చూసినానని చెప్పాలె గద. ఏది సరిగ ఉన్నది, ఏది లేదు అని."

"అన్ని సరిగనే ఉంటయి."

"మూడో పుస్తకంల ఒకటి లేదు."

"ఏది?"

"నీకు ఎరుకే."

"నాకేం ఎరుక? మూడు వందల ఇరవై భాగారాలల్ల ఏదని ఎరుక? చెయ్యి జారిందేమో ఏడనో."

"చెయ్యి తప్పదన్నవ్ గద ఇప్పుడే."

"జారిందేమో అంటున్న. ఏ సంఖ్య?"

"ఇరవై ఒక్క వేల ఆర్నూట నలభై తొమ్మిది. అక్కా, నీళ్ళు తాగుతవా?"

"వద్దు. దాంట్ల తప్పు లేదు. ఆయన తొమ్మిదితోని చూసుకున్నడు. నా ముంగటనే చూసుకున్నడు. సరిపోయింది."

"సరిపోతది. నేనూ చూసిన. ఒకట్లు కూడితె పదకొండు, అంటె రొండు. ఇరవై ఒక్క వేల ఆర్నూట నలభై తొమ్మిది అంకెలు కూడితె ఇరవై రొండు, అంటె నాలుగు. భాగఫలం అయిదు లక్షల పదమూడు వేల రొండు వందల ముప్ఫై తొమ్మిది. కూడితె ఇరవై మూడు, అంటె అయిదు. నాలుగయిదులు ఇరవై, అంటె రొండు. నువ్వు రాసిన శేషం నాలుగు వేల అయిదు వందలు. నాలుగూ అయిదూ తొమ్మిది, అంటె ఏం లేదు. ఇటు రొండు, అటు రొండు."

"మరి సరిపోయింది గద!"

"నేను పదకొండుతోని గూడ చూస్త."

"పదకొండుతోనా?"

"మా బాపు నేర్పిండు. కుడి దిక్కుకెల్లి ఒక అంకె కూడాలె, ఒక అంకె తియ్యాలె. తొమ్మిది పట్టుకోని దొంగను పదకొండు పట్టుకుంటది అనేటోడు బాపు, గంజుల. ఒకట్లకు ఒకటొస్తది. ఆ సంఖ్యకు పన్నెండొస్తది, పదకొండు తీసేస్తె ఒకటే, భాగఫలానికీ ఒకటే. ఒకటొకట్ల ఒకటి. ఆడికే సరిపోయింది. నీ నాలుగు వేల అయిదు వందలు ఇంకొకటి తెచ్చి కలిపింది. ఇటు ఒకటి, అటు రొండు. అప్పుడు మొత్తం మల్ల భాగించిన అక్కా. రొండు సార్లు. శేషం ఏం లేదు. సున్న."

"మెల్లగ."

"మా ఆయన లేవడు."

"మెల్లగ అంటున్న! గోడకు అవుతల శంకరమ్మ ఉంటది."

"ఉన్నా ఏమర్థమైతది."

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

"ఆయనకు?"

"లేదని అంటున్న గద."

"ఇంకొకసారి చూసుకో. పొరపాటుంటది. పెద్ద సంఖ్య, అంకెలు అటిటు అయితయి."

"అక్కా, ఇరవై ఒక్క వేల ఆర్నూట నలభై తొమ్మిదిని అయిదు లక్షల పదమూడు వేల రొండు వందల ముప్ఫై తొమ్మిదితోని గుణించిన. పదకొండు ఒకట్లొచ్చినయి. వరుసగ. పదకొండు చీమలు నడిచినట్టు."

"ఎరుకే."

"ఎరుకేనా?"

"నేనూ గుణించిన. ఆయన బడికి పోయినంక."

"మరి..."

"కూసుంట. జర ఆ పీట ఇటు జరుపు."

"ఎందుకు దాచినవక్కా? నాలుగేండ్లు చేసిండ్రు దాని కోసం. దొరికినాడు సంతోషం కాలేదా?"

"భయమైంది. పోయిన యేడు వానకాలం అది. బయట ధారలు. ఆయన ఎప్పటి తీర్గ సంఖ్య చెప్పిండు, నేను పలక మీద ఏసిన. అయిదు, ఒకటి, మూడు, రొండు, మూడు, తొమ్మిది. కడకు తీసెయ్యబోతె పైవరుస, కిందివరుస ఒక్క తీరు కనవడ్డయి. ఆయన కండ్లద్దాలు తుడుసుకుంటున్నడు. అద్దాలు మల్ల పెట్టుకునేలోపట పైవరుస కొంగుతోని తుడిచి మార్చి రాసిన. నాలుగు వేల అయిదు వందలు మిగిలిందన్న."

"తొమ్మిదికి సరిపొయ్యేటట్టు!"

"ఆయన చూస్తడని ఎరుకే గద."

"గంత తొందర్లనా? నాకైతె తట్టకపోవు అక్కా, నిజంగ."

"నువ్వు మెచ్చుకుంటె నాకేం కాదు."

"ఎందుకు మార్చినవ్ గని?"

"పెండ్లైన ఎనిమిదేండ్లు ఆ ఇంట్ల గోడలతోని మాట్లాడిన. ఆయన మంచోడే. కొట్టడు, తిట్టడు. బడికెల్లి వస్తడు, తింటడు, కితాబు తీస్తడు. పిల్లా జెల్లా లేకపాయె. ఒకనాడు ఏదో భాగారం చేస్తున్నడు, తప్పు పోతున్నది, నేను ఊడ్చుకుంట చెప్పిన, ఆడ ఏడు కాదు, ఎనిమిది అని. తలెత్తి చూసిండు. ఎనిమిదేండ్లల్ల అదే మొదటిసారి నా మొకం చూసుడు."

"అక్కా..."

"అప్పటి సంది రోజు పొద్దూకంగ ఒక గంట. ఒక్క పలక మీద రొండు తలకాయలు. ఆయన చెప్పుతడు, నేను ఏస్త. నేను అడుగుత, ఆయన జవాబిస్తడు. సంఖ్య విరిగిననాడు ఏమైతదే? పలక గూట్లెకు పోతది. ఆయన కితాబులకు పోతడు. నేను పొయ్యి కాడికి."

"ఇంకో సంఖ్య పట్టుకునేటోడు."

"పట్టుకోకుంటె? ఆయన సంగతి నాకు ఎరుక. ఈ సంఖ్య అంటెనే పిచ్చి. లక్షా అయిదు వేల దాక పోవాలంటె ఇంకా ఏడు వందల భాగారాలున్నయి. నేను లెక్క కట్టిన. యేడాదికి ఎనభై చేస్తం, పండుగలూ జ్వరాలూ తీసేసి. ఇంకా తొమ్మిదేండ్లు. తొమ్మిదేండ్లు రేణుకా! గవి రాసి పెట్టుకున్న నేను."

"అది విరిగిందని ఎరుక ఉండి, తొమ్మిదేండ్లు భాగిస్తవా?"

"భాగిస్త. ఏ దేశంల ఎవరో దాన్ని ఎప్పుడో విరిచే ఉంటరు. ఉండనియ్యి. మా ఇంట్ల విరగలే."

"హైద్రాబాద్ సారుకు తెలిస్తె?"

"నువ్వు చెప్పకుంటె ఎట్ల తెలుస్తది? చెల్లే, నీకు దండం పెడుత. ఆ పుస్తకం నాకియ్యి. అన్ని సరిగనే ఉన్నయని ఒక్క మాట చెప్పు. ఇగ మా ఇంటికి రాకు. నీకేం తక్కువ? మొగుడున్నడు, బిడ్డ పుడుతది రేపో మాపో."

"ఒక్క మాటనే చెప్పాల్నంటె చెప్పుత. గని రాకుంట ఉండ."

"అంటె?"

"అంటె అదే అక్కా. వస్త. రోజు వస్త. నువ్వు వద్దంటె, రాకున్నందుకు ఒక కారణం చెప్పాలె గద సారుకు. నా కాడ ఒకటే కారణమున్నది. చూసుడు అయిపోయింది సారు, మూడో పుస్తకంల గిది దొరికింది, అని."

"బెదిరిస్తున్నవా నన్ను?"

"నువ్వు రావద్దనకుంటె నేను గట్ల అనకపోదును."

"నా చాయ తాగి, నా చాప మీద కూసొని, నా పలక మీద రాసి!"

"మీ పలక బాగుంటదక్కా. మా ఇంట్ల లేదు."

"నవ్వుతున్నవా?"

"లేదు. నాకూ ఏడుపే వస్తున్నది. కొట్లాడకు. పంచుకుందం."

"ఏంది పంచుకునేది? ఆయనేమన్న చెరుకు గడనా, కణుపుకొకటి చొప్పున నరుక్కుంటందుకు?"

"ఆ గంట. వారానికి ఏడుంటయి. నీకు నాలుగు, నాకు మూడు."

"నాకు అయిదు."

"అయిదు చాన అయితది. నేను పాతయి చూస్తున్న, నువ్వు కొత్తయి చేస్తున్నవ్. నా పని జల్ది అయిపోతది, మెల్లగ చెయ్యాలంటె గూడ మూడు దినాలన్న కావాలె."

"ఐతారం ఎవరిది?"

"నీదే. ఐతారం మా ఆయనకు తలంటు, మటను."

"బేస్తారం నాదే. బేస్తారం ఆయన బడి ఒంటిపూట, ఖుషీగ ఉంటడు."

"తీసుకో. నాకు సోమారం, మంగళారం, శుక్కురారం."

"నువ్వొచ్చిననాడు దీపం ముట్టియ్యకముందే పోవాలె."

"పోత."

"చాయ నేనే పోసిస్త. ఆయన కాదు."

"సరె."

"దేవుడా, నేనేం మాట్లాడుతున్ననే? ఎవరన్న వింటె నవ్విపోతరు."

"ఎవ్వరు వినలే."

"మాట తప్పవు గద?"

"తప్ప. రొండు నెల్ల సంది తప్పలే, ఇప్పుడు తప్పుతనా?"

"రొండు నెల్ల సందా? రేణుకా, నువ్వది ఎప్పుడు చూసినవ్? నిన్ననా? మొన్ననా?"

"ఏదో ఒకనాడు తియ్ అక్కా. ఇప్పుడెందుకు?"

"ఎప్పుడే?"

"మొదటి వారమే."

"మొదటి వారమా!"

"పదకొండుతోని చూసుడు నిమిషం పని. మూడు వందల ఇరవై భాగారాలు నాలుగు దినాలల్ల అయిపోయినయి. అయిదోనాడే దొరికింది."

"మరి రొండు నెల్ల సంది రోజు మా ఇంటికొచ్చి ఏం చేసినవ్?"

"చూసినట్టే చూసిన. 'ఇయ్యాల అయిదు చూసిన సారు, సరిగనే ఉన్నయి' అని చెప్పిన. మర్నాడు ఇంకో అయిదు. ఆయన టిక్కు పెట్టిండు."

"ఆయన ముంగట కూసొని? మొకంల మొకం పెట్టి?"

"నువ్వు పెట్టలేదా?"

"నేను ఆయన పెండ్లాన్ని!"

"మెల్లగ అక్కా. శంకరమ్మ ఉంటది."

"ఉండనియ్యి! నువ్వెందుకు దాచినవ్? నీకేం పని?"

"నువ్వెందుకో గందుకే."

"నీకు మొగుడున్నడు."

"ఉన్నడు. మంచోడే. కొట్టడు, తిట్టడు. కాంటా కాడికి పోతడు, వస్తడు, పండుకుంటడు. నాకు ఇరవై రొండేండ్లు. ఇప్పటిదాక బాపు తప్ప నన్ను ఎవ్వరు ఒక్క సంగతి అడగలే. ఏం వండినవని అడిగిండ్రు. సారు కండ్లద్దాలు పైకి జరిపి, 'ఇది ఎట్ల చూస్తవ్ రేణుకా? నాకు చెప్పు' అన్నడు. నాకు చెప్పు అన్నడు అక్కా. నేను చెప్పిన. ఆయన విన్నడు. అంతకన్న నాకేం వద్దు. నీ మొగుడు నాకొద్దు."

"గదే నా మొగుడు."

"ఏమన్నవ్?"

"నువ్వన్నది ఉన్నది చూడు, అద్దాలు పైకి జరిపి నాకు చెప్పు అనుడు. గంతకన్న ఎక్కువ ఆయన నా కాడ గూడ లేడు. మిగిలినది ఉతుకుడు బట్టలు, తినే కంచం. అవి నువ్వు తీసుకపో. వారానికి ఏడు దినాలు తీసుకపో."

"అక్కా, పంచుకుందం అనుకున్నం గద."

"నీకు నిన్న మొన్న దొరికిందనుకొని అనుకున్న. భయపడి దాచినవనుకున్న."

"దానికీ దీనికీ ఏం ఫరకున్నది?"

"ఉన్నది."

"సుమిత్రా! ఆడున్నవా? మన ఇంటికి తాళమున్నది, చెవి ఎవరి కాడ?"

"అయ్యో, సారే వచ్చిండు. బడి గింత జల్ది విడిచిండ్రా?"

"నా కాడ్నే ఉన్నది, వస్తున్న!"

"వద్దు వద్దు, నేనే వస్త. రేణుక గూడ ఉన్నదా? మంచిదాయె, ఇద్దరు ఒక్కకాడనే దొరికిండ్రు. తనిఖీ ఉన్నదని పిలగాండ్లను జల్ది పంపించినం. దేవిదాస్ ఏడి?"

"పండుకున్నడు సారు. లేపాల్నా?"

"వద్దు, పండనియ్యి. ఇగో, హైద్రాబాద్‌కు జాబు రాసిన. నాలుగు పుటలైంది. ఇరవై తొమ్మిది వేల దాక చూసినం, ఏదీ భాగిస్త లేదు, ఒక్క చెయ్యి కాదు రొండు చేతులు చూసినయి అని రాసిన. రేణుకా, నీ పదకొండు తీరు గూడ రాసిన. పేరు పెట్టి రాసిన."

"నా పేరా సారు?"

"నీ పేరే. శ్రీమతి రేణుకమ్మ, బోధన్ అని. ఇయ్యాల టపాల ఏసి వస్త."

"నా పేరున్నదా జాబుల?"

"నీదెందుకుండది సుమిత్రా? 'నా ఇంట్ల భాగారం చేసినరు' అని రాసిన. నా ఇల్లంటె నువ్వే గద. ఇంకొక ముచ్చట. నేను ఆలోచన చేసిన. నాలుగేండ్ల సంది నువ్వు పొద్దంత పొయ్యి కాడ, పొద్దూకంగ పలక కాడ. కండ్లు గుంజుతున్నయని మొన్న అంటివి."

"అనలే."

"అన్నవ్, నేను విన్న. రేణుక చెయ్యి చురుకు. పాతయి అయిపోవచ్చినయి. ఇగ కొత్త భాగారాలు గూడ రేణుకనే చేస్తది. రేపటి సంది నువ్వు ఆరాం తీసుకో."

"సారు... అక్కను అడుగుండ్రి ముందుగాల."

"ఆమెనేమడిగేది? ఆమెకు ఖుషే. ఏం సుమిత్రా, చెప్పవేంది? టపా కట్టేస్తరు, నేను పోవాలె."

"ఆ జాబు ఇటియ్యుండ్రి. ఇరవై ఒక్క వేల ఆర్నూట నలభై తొమ్మిదితోని భాగించుండ్రి, ఏం మిగలది. నాకు యేడాది సంది ఎరుక. ఈ రేణుకకు రొండు నెల్ల సంది ఎరుక."